దోసిలి పట్టిన దుబాసి

ఎవరైనా నన్ను "మీదే ఊరు?" అని అడిగితే ఈ రోజుకీ నేను ముందు వాళ్ల ముఖం చూస్తాను, తరవాతే జవాబు చెబుతాను. ఊరి పేరు వినాలని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఊరి వెనక ఇంటిపేరు వస్తుంది, ఇంటిపేరు వెనక వాడ వస్తుంది, వాడ తెలిశాక అడిగిన మనిషి ఒక అడుగు వెనక్కి జరుగుతాడు. ఆ అడుగు కోసమే ఈ ప్రశ్నలన్నీ. నాది అనుమానపు బుద్ధి అని స్నేహితులు ఎగతాళి చేస్తారు. చేయనీ. ఆ బుద్ధే నాకు అన్నం పెట్టిన కాలం ఒకటుంది.

ఎనభైల నడుమ సంగతి. అప్పుడు నల్లగొండలో ఒక గది కిరాయికి తీసుకొని ఉండేదాన్ని. మాది నల్లగొండ జిల్లాలోనే కాలువ ఎక్కని మెట్ట ఊరు, అందులో మాదిగవాడ. బాపు నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలి చేసి, పదేళ్ల వయసులో నన్ను మహబూబ్‌నగర్ దిక్కు ఒక మిషన్ హాస్టల్లో వేసింది. అమెరికా నుంచి వచ్చిన దొరసాని ఒకావిడ అక్కడ మాకు ఇంగ్లిష్ నేర్పింది. మంచి మనిషే. మా తలల్లో పేలు తన చేత్తో తీసేది, జ్వరం వస్తే పక్కన కూర్చునేది. ఆదివారం మాతో కలిసి పాటలు పాడేది గాని, మాతో కలిసి అన్నం మాత్రం తినేది కాదు. ఆమె బల్ల బంగళాలో వేరే ఉండేది. "మా దేశంలో కులం లేదు" అని తరచూ చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను కిటికీలోంచి ఆ బల్ల వైపు చూసేదాన్ని.

నల్లగొండలో గది కోసం తిరిగినప్పుడు మొదటి రెండు మూడిళ్లలో నిజమే చెప్పాను. "అయ్యో, గిప్పుడే ఇచ్చినం" అన్నారు. బయట 'గది కిరాయికి ఇవ్వబడును' అన్న అట్టముక్క గాలికి ఊగుతూనే ఉంది. ఆ సాయంత్రం బజారులో బొట్టు బిళ్లలు కొన్నాను. తరవాతి ఇంట్లో "కాపోళ్లం" అన్నాను. గది దొరికింది.

ఇంటామె పెద్ద కులం మనిషి. భర్త పోయాడు, కొడుకులు హైదరాబాదులో ఉండేవాళ్లు. నేనంటే ప్రేమగా ఉండేది, ఆ ప్రేమకే నాకు భయం. వంకాయ కూర గిన్నెలో పెట్టి తెచ్చి, గడపలో నిలబడి, "మీ దిక్కు పెండ్లిల ఏమేం పెడ్తరు బిడ్డా?" అని అడిగేది. ముచ్చట కోసం అడిగేదో, ఆరా తీసేదో నాకు ఏనాడూ అంతు చిక్కలేదు. నేను మాత్రం పరీక్ష రాస్తున్నట్టు జవాబులు చెప్పేదాన్ని. కాలేజీలో నా పక్కన కూర్చున్న కాపు పిల్ల వాళ్లింటి పెళ్లిళ్ల గురించి చెప్పిన కబుర్లన్నీ నావి చేసుకున్నాను. అవసరం పడితే ఆ పిల్ల మేనమామను కూడా వాడుకున్నాను.

పని నీళ్ల సర్వేలో దుబాసి పని. మా జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. తాగినవాళ్ల పళ్లు గారపడతాయి, ముప్పై దాటాక మోకాళ్లు వంగవు, నడుము లేవదు. ఆ నీళ్లు పరీక్ష చేయడానికి ఒక విదేశీ సంస్థ వాళ్లు వచ్చారు. నీళ్లు మోసేది ఆడవాళ్లు కాబట్టి వాళ్లతో మాట్లాడటానికి ఇంగ్లిష్ వచ్చిన ఆడమనిషి కావాలన్నారు. గది పోతే నల్లగొండలో ఉండే జాగా లేదు, జాగా లేకపోతే పని లేదు, పని పోతే మళ్లీ మా ఊరి దొరల పొలాల్లో కూలే. "ఏమన్న చెయ్, ఎట్లన్న ఉండు, ఈడికి మాత్రం రాకు" అని అమ్మ నాతో ఒట్టు పెట్టించుకుంది. అలా రెండేళ్లు ఊరికి పోలేదు, పని సంగతీ గది సంగతీ మాత్రం జాబు రాసి తెలిపాను.

జీపులో నలుగురం ఉండేవాళ్లం. సర్వేకు పెద్ద, అమెరికా ఆవిడ. ముప్పై ఐదేళ్లుంటాయి, ఎండకు ముక్కు మీద తోలు ఊడేది, అయినా ఆగేది కాదు. బండి నడిపే భాయ్ ముస్లిం, నల్లగొండ మనిషి, మా వీధి చివరే ఇల్లు. ఆయన భార్య మా ఇంటామెకు చీరలకు ఫాల్ కుట్టి ఇచ్చేది. అంటే జీపులో జరిగిన ముచ్చట సాయంత్రానికి మా ఇంటి గడప ఎక్కడానికి దారి సిద్ధంగా ఉందన్నమాట. నాలుగో ఆయన బోర్ల ఇంజినీరు. అరవై దాటిన మనిషి, ఆరడుగుల పొడవు, మా బొగ్గు కుంపటి కంటే నల్లన. ట్రినిడాడ్ అనే దీవిలో పుట్టాడట. అదెక్కడో నాకు తెలియదు. రెండు అమెరికాల నడుమ సముద్రంలో ఉందనీ, వాళ్ల తాతముత్తాతలను ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చారనీ, బానిసలు వదిలేసిన చెరకు తోటల్లోకి తరవాత మన దేశం నుంచి కూలీలను ఓడలకెక్కించారనీ ఆయనే చెప్పాడు. వనపర్తి సంస్థానంలో ఒకప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల దండు ఉండేదని పెద్దవాళ్లు చెప్పగా విన్న డ్రైవర్ భాయ్, ఆయనకు 'సిద్దీ సాబ్' అని పేరు పెట్టేశాడు.

మమ్మల్ని నమ్మిన ఊరు ఒక్కటి లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు వచ్చారని ఒక ఊళ్లో ఆడవాళ్లు తలుపులు వేసుకున్నారు. భూమిలో బంగారం వెతుకుతున్నారని ఇంకో ఊళ్లో మా సీసాలు వాసన చూశారు. అన్నలకు వార్తలు మోస్తున్నామని పోలీసులకు అనుమానం. పోలీసులకు మోస్తున్నామని అన్నలు అనుకుంటారేమోనని డ్రైవర్ భాయ్‌కి అనుమానం. వీళ్లందరి మీదా నాకు అనుమానం. ఇంత అనుమానం మోసుకొని ఆ పాత జీపు ఎట్లా కదిలేదో అనిపిస్తుంది ఇప్పుడు.

ఒకరోజు చిట్యాల దాటాక రోడ్డు పక్క చాయ్ హోటల్ దగ్గర ఆగాం. లోపల బల్లల మీద తాగేవాళ్లకు స్టీలు గ్లాసులు. బయట గోడ పక్కన ఒక బండ మీద బోర్లించిన గాజు గ్లాసులు వేరే. ఎవరికి ఏవన్నది ఎక్కడా రాసి ఉండదు, తెలియాల్సినవాళ్లకు తెలుసు. మా వాడవాళ్లయితే ఆ బండ మీది గ్లాసు తీసుకొని, తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించాలి. నేను దర్జాగా లోపల కూర్చున్నాను. హోటలాయన నన్ను సైగ చేసి పక్కకు పిలిచాడు.

"తెల్లగున్నామె సరే. గీయనెవరమ్మా?"

"అమెరికా ఆఫీసర్ల మనిషి" అన్నాను.

"ఆఫీసరు సరే తియ్. మనిషెవరు? జర చెప్తె గ్లాసు జూస్త."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "పెద్దోళ్లే, లోపలి గ్లాసే ఇయ్యి" అన్నాను. ఇచ్చాడు. ఇంజినీరు తాగి లేవగానే హోటలాయన ఆ స్టీలు గ్లాసును రెండు వేళ్లతో పట్టుకొని బయటికి పోయి, బండ మీద గాజు గ్లాసుల పక్కన బోర్లించాడు. ఎవరూ చూడలేదులే అనుకున్నాను. జీపు కదిలాక ఆయన అడిగాడు:

"ఆ బండ మీది గ్లాసులు ఎవరివి?"

"పాతవి. వాడరు."

"నా గ్లాసు కొత్తదే కదా" అన్నాడు ఆయన, రోడ్డు వైపు చూస్తూ.

ఆ రోజు నుంచి నాకు ఆయనంటే భయం పట్టుకుంది. అమెరికా ఆవిడ ఏదైనా అడిగితే నోటితో అడిగేది, జవాబు ఇస్తే సరిపోయేది. ఈయన అడగడు, చూస్తాడు. నేను ఎవరింట్లో ఎక్కడ నిలబడుతున్నానో, ఎవరిని ఏ వరసతో పిలుస్తున్నానో చూసేవాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన కళ్లు నా వైపు తిరిగితే చాలు, నా చెయ్యి నా బొట్టు మీదికి పోయేది.

ఎండలు ముదిరాయి. హాలియా దిక్కున సాగర్ కాలువ నీళ్లు పారే ఊళ్లు దాటి, ఎత్తు మీద కాలువ అందని ఒక ఊరికి పోయాం. ఊరి పెద్దింట్లో సొంత బావి ఉంది. బొక్కెన నా చేత్తోనే వదిలి, చేంతాడు నా చేత్తోనే లాగి సీసా నింపాను. ఇట్లాంటి బావి మా అమ్మ బతుకులో ఒక్కసారీ ముట్టలేదు. గర్వమూ, వణుకూ రెండూ కలిసి నా నోరు ఎండిపోయింది. ఇంటి పెద్దమ్మ నా ముఖం చూసి, "ఎండకు సోలిపోయినవు తల్లీ, జరన్ని నీళ్లు తాగమ్మా" అని లోపలి నుంచి రాగి చెంబు తెచ్చింది.

నేనేమీ ఆలోచించలేదు. కళ్లు తిరుగుతున్నాయి. చెంబు నా వైపు రావడం కనపడింది. గడప మెట్టు దిగి, గొంతుక్కూర్చొని, రెండు చేతులూ నోటి కింద దోసిలి పట్టి తల వంచేశాను.

ఆ దోసిలి నాకు ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు అమ్మ వెంట కలుపుకు పోతే, మధ్యాహ్నం దొర ఇంటి ముందు వరసగా కూర్చునేవాళ్లం. దొరసాని పైనుంచి చెంబుతో నీళ్లు పోసేది. చెంబు మన చేతికి తగలకూడదు, చుక్క కింద పోకూడదు. ముందు అమ్మ తాగేది, తరవాత నేను. కాపోళ్ల పిల్ల చెంబు అందుకుంటుంది, ఎత్తి పట్టి గటగటా తాగుతుంది. ఇది నాకు తెలుసు. నల్లగొండ గదిలో తలుపేసుకొని అలవాటు చేసుకున్నాను కూడా. చేతులకు ఆ సంగతి గుర్తులేదు.

పెద్దమ్మ చెంబు గాలిలోనే ఆగింది. "ఎవలింటి పిల్లవే నువ్వు?" అంది. ఇప్పుడే తల్లీ, అమ్మా అన్న మనిషి. వాకిట్లో ఉన్న కోడళ్లు బావి వైపు చూశారు, తరవాత చేంతాడు వైపు, తరవాత నా వైపు. జీపు తుడుస్తున్న డ్రైవర్ భాయ్ చేతిలో గుడ్డ ఆగింది.

నా పక్కన మోకాళ్లు కటకటమన్న చప్పుడు. ఆ పొడుగు మనిషి నేల మీద గొంతుక్కూర్చొని, నాలాగే దోసిలి పట్టాడు.

"చెప్పు" అన్నాడు నాతో ఇంగ్లిష్‌లో. "నీళ్లు పరీక్ష చేసేవాళ్లం ఎవరి పాత్రా ముట్టకూడదు, అది మా పని నియమం అని చెప్పు. తొందరగా చెప్పు."

చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్దమ్మ కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మిందో, నమ్మినట్టు ఉండటమే తన బావికి మేలనుకుందో, నాకు ఎత్తు నుంచి నీళ్లు పోసింది. తరవాత ఆయనకు పోసింది. ఆయనకు ఆ విద్య తెలియదు. నీళ్లు ముక్కులోకి పోయి, దగ్గి, చొక్కా అంతా తడుపుకున్నాడు. కోడళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారు. "పాపం, సీమోళ్లకు నీళ్లు తాగుడు గూడ రాదు" అంది పెద్దమ్మ.

జీపు దగ్గర అమెరికా ఆవిడ, "ఈ నియమం నాకెందుకు తెలియదు?" అని అడిగింది. "కొత్తది" అన్నాడు ఆయన. ఆవిడకు నియమం అంటే ప్రాణం. ఆ తరవాత ప్రతి ఊళ్లోనూ ఆ తెల్లావిడ గడప బయట గొంతుక్కూర్చొని దోసిలి పట్టి నీళ్లు తాగింది. పోసే దొరసానులు బిత్తరపోయేవాళ్లు. నా బతుకులో అంత నవ్వు ఆపుకున్న రోజులు వేరే లేవు.

పెద్దమ్మ నీళ్లు పోసిన రోజే మధ్యాహ్నం డ్రైవర్ భాయ్ నమాజుకు పోయాడు, ఆవిడ సీసాలకు చీటీలు అంటిస్తూ దూరంగా ఉంది. ఇంజినీరు వేపచెట్టు నీడలో నా పక్కన కూర్చొని, నేను అడగకుండానే మొదలుపెట్టాడు.

హిట్లరు యుద్ధం నాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లట. దీవి ఇంగ్లిష్‌వాళ్లది. అక్కడ తెల్లవాడంటే గొడుగు కింద నిలబడి చెయ్యి చూపించేవాడు. యుద్ధం వచ్చాక అమెరికా సైన్యం ఆ దీవిలో స్థావరాలు కట్టింది. అడవి కొట్టారు, కొండలు తవ్వారు, రోడ్లు వేశారు. "చొక్కా విప్పి, చెమటలు కక్కుతూ పార పట్టిన తెల్లవాడిని మేం మొదటిసారి చూశాం. ఊరంతా కూలి పని ఆపి చూశాం. తెల్లవాడూ మనిషే అని మాకు చెప్పింది ఏ బడీ కాదు, ఆ చెమట" అన్నాడు. చెరకు తోట కంటే జీతం ఎక్కువ. నల్లవాళ్లు, మన దేశపు కూలీల పిల్లలు, అందరూ తోటలు వదిలి అటే పరిగెత్తారట. అయితే ఆ స్థావరంలో క్యాంటీన్ నడుమ ఒక తాడు కట్టారు. తాడుకు ఇవతల తెల్లవాళ్లు, అవతల మిగిలినవాళ్లు. అమెరికా నుంచే యుద్ధానికి వచ్చిన నల్ల సైనికులు కూడా అవతలే కూర్చున్నారు.

"మా అక్క గోధుమరంగు. జుట్టు సాఫుగా ఉండేది. పోర్చుగీసు కొట్టువాడి కూతుర్నని చెప్పి తాడుకు ఇవతల పనిలో చేరింది. బాగా గడిచింది. ఒకరోజు క్యాంటీన్‌లో పనివాళ్లందరికీ ఐస్‌క్రీమ్ పంచారు. అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. మా అక్క కప్పు తీసుకొని, ఎవరూ చెప్పకుండానే, వెనక తలుపు తీసి మెట్ల మీద నిలబడి తింది. మా అమ్మ ఇంగ్లిష్ దొర వంటింట్లో పని చేసేది. మేం అట్లాగే తిని పెరిగాం. సార్జెంట్ చూశాడు. మరునాడు ఒక మనిషి ఆమె వెంట మా ఇంటిదాకా వచ్చి తలుపు తట్టాడు."

"తరవాత?"

"తలుపు తీసింది నేను" అన్నాడు ఆయన, తన నల్లటి చేతులు చూసుకుంటూ.

ఆ అక్క మీద జాలేసింది. వెంటనే అనుమానం కూడా లేచింది. తన రహస్యం చెప్పి అవతలివాడి రహస్యం లాగడం పోలీసులు చేసే పని. "మీ అక్క సంగతి నాకెందుకు చెబుతున్నారు? మేం కాపోళ్లం" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. "సరే" అని లేచి, ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకొని జీపు వైపు నడిచాడు.

వారం తిరక్కుండా పిడుగు పడింది. అమెరికా ఆవిడ పటం పరిచి, వచ్చే సోమవారం పోవలసిన ఊరు మీద వేలు పెట్టింది. అది మా ఊరు. దారి బాగాలేదన్నాను, ఆ ఊళ్లో గొడవలున్నాయన్నాను, జ్వరం వచ్చేట్టుందన్నాను. అక్కడి వాడలో బోరు నీళ్లే జిల్లాలో అన్నిటికంటే చెడ్డవని తెలిసింది, మానేది లేదంది ఆవిడ. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారు? ఇంజినీరు మూల కూర్చొని పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. ఆయనే ఆ ఊరు చూపించాడనుకున్నాను. నేను ఎవరికీ నా ఊరి పేరు చెప్పలేదు, ఆయనకెట్లా తెలుస్తుందని అప్పుడు తోచలేదు. ఇవాళ్టికీ నాకు నిజం తెలియదు.

సోమవారం కొంగు నెత్తి మీదికి లాక్కొని జీపులో కూర్చున్నాను. ఊళ్లోవాళ్ల భయం నాకు లేదు. పదేళ్లప్పుడు వాడ విడిచిన పిల్ల ముఖం ఊరి పెద్దలు ఎన్నడు చూశారు గనక! నా భయమంతా వాడ గురించి. మా పిన్ని కూతుళ్లు జీపు వెంట పరిగెత్తుకొస్తారు, ముసలివాళ్లు నా గడ్డం పట్టుకుంటారు, ఎవరో ఒకరు అమ్మను కేకేస్తారు. డ్రైవర్ భాయ్ వింటాడు, సాయంత్రానికి ఇంటామెకు చేరుతుంది. దారి చూపడానికి వచ్చిన సర్పంచి మనిషి మమ్మల్ని వాడ మొదట్లోనే దింపి, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని, "ఆడ్నే బోరు, పోయి చూసుకోండ్రి" అని అక్కడే నిలబడిపోయాడు.

వాడలోకి నడిచాను. ఎవరూ పరిగెత్తుకు రాలేదు.

మా పిన్ని బోరు దగ్గర బిందె పెట్టుకొని నిలబడి ఉంది. నన్ను చూసి, "జరగుండ్రి మేడమ్, బురద ఉంది" అంది. నన్ను భుజాల మీద మోసిన తాత చుట్ట కాలుస్తూ నన్ను దాటించి తెల్లావిడ వైపే చూశాడు. నా ఈడు పిల్ల ఒకతి నాకు నమస్తే పెట్టింది. రెండేళ్లు రాలేదని కోపం వచ్చిందనుకున్నాను. నన్ను వెలివేశారనుకున్నాను. నిజం చెప్పాలంటే, వాళ్లు నన్ను గుర్తుపట్టకూడదని దారి పొడుగునా మొక్కుకున్నదాన్నే, గుర్తుపట్టకపోతే ఏడుపు వచ్చింది.

అసలు సంగతి తరవాత తెలిసింది. అమెరికావాళ్లు నీళ్లు చూడటానికి వస్తున్నారని ముందురోజే ఊళ్లో డప్పు కొట్టి చాటించారు. ఆ చాటింపు విన్న అమ్మ, వంగని మోకాళ్లతో వాడంతా ఇల్లిల్లూ తిరిగి, "నా బిడ్డ అండ్లనే ఉంటది. మీకు దండం బెడ్త, దాన్ని ఎవరు పలకరియ్యకుండ్రి" అని చెప్పి వచ్చింది. పిల్లలను ఇళ్లలో పెట్టి తలుపులేయించింది.

ఇంటింటికీ ప్రశ్నలు ఉండేవి. మా గుడిసె ముందుకు వచ్చాం. అమ్మ గుంజను పట్టుకొని నిలబడింది. రెండేళ్లలో ఇంకా వంగిపోయింది. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి మా వైపు చూసింది. అమెరికా ఆవిడ అడిగింది, నేను తెలుగు చేశాను.

"నొప్పులు ఎన్నాళ్ల నుంచి?"

"శానా ఏండ్లాయె మేడమ్." నన్నే మేడమ్ అంది.

"నీళ్లు ఎవరు మోస్తారు?"

"నేనే మోసుకుంట."

"పిల్లలెంతమంది? వాళ్ల పళ్లెట్లా ఉన్నాయి?"

అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను తప్పేదో చేయబోతున్నానని, చేయవద్దని చిన్నప్పుడు ఉరిమి చూసిన చూపు అది.

"నాకు పిల్లలు లేరు మేడమ్. రాసుకోండ్రి."

డ్రైవర్ భాయ్ నా వెనకే సీసాల పెట్టె పట్టుకొని ఉన్నాడు. ఆ జవాబు ఇంగ్లిష్ చేస్తే సరిపోతుంది. గది ఉంటుంది, పని ఉంటుంది, అమ్మ కోరింది జరుగుతుంది. అమెరికా ఆవిడ పెన్ను పట్టుకొని, "ఏమంటోంది?" అని అడిగింది. ఇంజినీరు ఎప్పటిలాగే ఏమీ అడగలేదు. చూస్తున్నాడు.

దుబాసిని కదా, ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "పిల్లలు లేరంటోంది." ఆవిడ పెన్ను కదిలింది. ఆ పెన్ను రాయడం మొదలుపెట్టగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అమ్మ మీద, ఇంటామె మీద, ఆ పెన్ను మీద. "అబద్ధం చెబుతోంది" అన్నాను ఇంగ్లిష్‌లో. "ఒక్క కూతురు. ఇదిగో పళ్లు, చూసి రాసుకోండి" అని నోరు తెరిచాను. తరవాత వాడంతా వినేట్టు, డ్రైవర్ భాయ్ వినేట్టు, తువ్వాల అడ్డం పెట్టుకున్న సర్పంచి మనిషి వినేట్టు, "అమ్మా!" అని పిలిచాను.

అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు. నెత్తి కొట్టుకుంది. "ఖరాబు జేసినవు గదనే! గింత జేసి కాపాడితే ఒక్క మాటతోటి ఖరాబు జేసినవు! ఇగ నిన్ను ఎవరుండనిస్తరే ఆడ?" అని ఏడ్చింది. అమెరికా ఆవిడ మా ఇద్దరినీ చూస్తూ, "ముందే చెబితే ఇంకో దుబాసిని తెచ్చేవాళ్లం కదా" అంది. ఇంజినీరు ఆమె చేతిలోంచి పెన్ను తీసుకొని, నాకు కాసేపు సెలవు ఇచ్చినట్టు తన జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్ భాయ్, "అమ్మా, నేనైతే ఏం ఇనలే" అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన చెప్పకముందే నేనే చెప్పాలని, జీపు దిగగానే నేరుగా ఇంటామె దగ్గరికి పోయి చెప్పేశాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. "పొద్దుగాల్ల ఖాళీ చెయ్" అని తలుపు వేసుకుంది. భాయ్ ఆ ముచ్చట తన భార్యకు కూడా చెప్పలేదని చాలాకాలం తరవాత తెలిసింది. తెలిసి సిగ్గుపడ్డాను గాని, నమ్మనందుకు నన్ను నేను పెద్దగా తిట్టుకోలేదు.

తెల్లవారి మొదటి బస్సుకే అమ్మ వచ్చింది. నన్ను ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని ఆమె భయం. ఎవరూ ఏమీ చేయలేదు. నా ట్రంకు పెట్టె, చాప, స్టవ్ వీధిలో పెట్టుకొని నిలబడ్డాను. ఇంటామె ఇద్దరు మనుషులను పెట్టి గది కడిగించడం మొదలుపెట్టింది. నడి ఎండాకాలం, నల్లగొండలో నల్లా వచ్చేదే రోజు విడిచి రోజు. బిందె తరవాత బిందె గోడల మీద కొట్టారు, నేల మీద కొట్టారు, గడప మీద కొట్టారు. నీళ్లు మెట్లు దిగి మా కాళ్ల దాకా వచ్చాయి.

అమ్మ ఇంటామెను చూడలేదు. గోడ పట్టుకొని మెల్లగా వంగి, పారుతున్న నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"సాగర్ నీళ్లానే గివి?" అని అడిగింది నన్ను.

"అవునమ్మా, తాగే నీళ్లే."

"తియ్యగున్నయి" అంది. "అయ్యో, గిన్ని మంచి నీళ్లు."